లిస్ప్‌లో "25"కి 1 ఎందుకు కలవదు?

ప్రశ్న: సార్, కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష ఈమధ్యే మొదలుపెట్టాను. రీడ్-లైన్‌తో వయసు అడిగి దానికి 1 కలుపుదామంటే ఇది నంబర్ కాదు అని ఎర్రర్ వస్తోంది. విలువ రకాన్ని (టైప్) మార్చడానికి కోయర్స్ అనే ఫంక్షన్ ఉందని చదివి (కోయర్స్ "25" 'ఇంటీజర్) అని రాశా, దానికీ ఎర్రరే. అదే 'లిస్ట్ అని ఇస్తే మాత్రం చక్కగా మారుతోంది. ఎందుకిలా?

జవాబు: మీరు వేసిన ఈ ప్రశ్న దగ్గరే చాలామంది లిస్ప్‌ని వదిలేస్తుంటారు, మీరు మాత్రం వదలొద్దు. రీడ్-లైన్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది, మీరు టైప్ చేసింది అంకెలే అయినా సరే. ఇక కోయర్స్ సంగతి, అది గిన్నె మారుస్తుందంతే, లోపలున్నదాన్ని చదవదు. స్ట్రింగ్ అంటే క్యారెక్టర్ల వరస, లిస్ట్ కూడా వరసే, కాబట్టి "25" లిస్ట్ అయితే (#\2 #\5) వస్తుంది, తిరిగి 'స్ట్రింగ్ అంటే మళ్లీ "25" వస్తుంది. కానీ ఆ రెండు గుర్తులూ కలిస్తే ఇరవై ఐదు అని అర్థం చేసుకోవాలంటే చదవడం వచ్చిన ఫంక్షన్ కావాలి, అది పార్స్-ఇంటీజర్. (పార్స్-ఇంటీజర్ "25") అంటే 25 వస్తుంది, పక్కనే రెండో వాల్యూగా 2 కూడా వస్తుంది, అంటే చదవడం ఎక్కడ ఆగిందో ఆ స్థానం. ముందూ వెనకా ఖాళీలుంటే పట్టించుకోదు గానీ "25ఏళ్లు" అని ఇస్తే ఎర్రర్. :జంక్-అలౌడ్ టి అని పెడితే 25 వరకు తీసుకుని మిగతాది వదిలేస్తుంది, అసలు అంకే లేకపోతే నిల్, అంటే ఏమీ లేదు అనే విలువ ఇస్తుంది, కాబట్టి కూడికకి ముందు నిల్ వచ్చిందేమో చూసుకోండి.

ఒక్క క్యారెక్టర్ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. #\2కి చార్-కోడ్ అడిగితే 2 రాదు, 50 వస్తుంది, అది ఆ గుర్తుకి ఉన్న కోడ్ నంబర్. దాంట్లోంచి 48 తీసేసి పని కానిచ్చేవాళ్లున్నారు గానీ డిజిట్-చార్-పి ఉండగా ఆ తంటా దేనికి, అది నేరుగా 2 ఇస్తుంది, అంకె కాకపోతే నిల్ ఇస్తుంది. అంకె నుంచి మళ్లీ క్యారెక్టర్‌కి రావాలంటే డిజిట్-చార్. నంబర్ని స్ట్రింగ్ చెయ్యాలంటే (ప్రింక్-టు-స్ట్రింగ్ 25) చాలు, (స్ట్రింగ్ 25) అనకండి, ఆ ఫంక్షన్ స్ట్రింగ్, సింబల్, క్యారెక్టర్ తప్ప ఇంకేదీ తీసుకోదు.

ప్రశ్న: "3.14" లాంటి దశాంశాలకి పార్స్-ఇంటీజర్ పనిచెయ్యట్లేదు. రీడ్-ఫ్రమ్-స్ట్రింగ్ వాడొచ్చా అండీ?

జవాబు: మీరే రాసుకున్న ఫైల్ అయితే వాడండి. బయటివాళ్లు టైప్ చేసేదానికైతే నేను వద్దనే అంటాను, ఎందుకంటే అది లిస్ప్ కోడ్‌ని చదివే రీడర్నే పిలుస్తుంది, నంబరే రావాలని రూలేం లేదు, సింబల్ రావచ్చు, లిస్ట్ రావచ్చు, పైగా హాష్ పక్కన చుక్క పెట్టి ఏదైనా రాస్తే చదివేటప్పుడే దాన్ని రన్ చేసేస్తుంది! ఇది నిజంగా ప్రమాదం. తప్పనిసరైతే అలా రన్ చెయ్యనిచ్చే *రీడ్-ఎవాల్*ని నిల్ చేసి చదివి, వచ్చింది నంబరేనా అని రియల్-పితో చూసి అప్పుడు వాడండి. స్టాండర్డ్‌లో దశాంశాలకి విడిగా పార్స్ ఫంక్షన్ పెట్టలేదు, ఆ లోటు నాకూ బాధే. లిస్ప్ కుటుంబంలోదే అయిన స్కీమ్ భాష వాళ్లకి స్ట్రింగ్->నంబర్ ఉంది, నంబర్ కాకపోతే అబద్ధం అనే విలువ ఇస్తుంది. ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో వాడే లిస్ప్‌లో స్ట్రింగ్-టు-నంబర్ అయితే చెత్త ఇచ్చినా 0 ఇచ్చేస్తుంది, అక్కడ ఇంకాస్త జాగ్రత్త.

ప్రశ్న: "తెలుగు"కి లెంగ్త్ అడిగితే 6 వస్తోంది, మూడక్షరాలే కదా?

జవాబు: మన కంటికి మూడే. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు క్యారెక్టర్లు, త కోడ్ 3108 అయితే ఎత్వానికి విడిగా 3142 ఉంది. లిస్ట్‌గా మార్చి చూడండి, ఆరూ విడివిడిగా కనిపిస్తాయి. రివర్స్ చేస్తే ఇంకా తమాషా, ముందు ఒంటరి కొమ్ము వచ్చి ఆ తర్వాత "గులెత" అని వస్తుంది, త మీదున్న ఎత్వం పోయి ల మీద కూర్చుంటుంది. కాబట్టి తెలుగు మాటల్ని తిప్పాలన్నా ముక్కలు చెయ్యాలన్నా ముందు గుణింతాన్ని దాని హల్లుతో కలిపి, ఒత్తు ఉంటే అదీ కలిపి, ఒక్కో అక్షరాన్ని చిన్న స్ట్రింగ్‌గా లిస్ట్‌లో పెట్టుకోండి, తిప్పడం ఆ లిస్ట్ మీద చెయ్యండి.