విమాన ప్రయాణానికి గంటలు లెక్కేసుకునే ముందు

చిరంజీవి స్వాతికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కి సుమారు 8,800 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున దాదాపు పది గంటలని రాశావు. వెళ్లేటప్పుడు ఇంచుమించు అంతే పడుతుంది. కానీ తిరుగు ప్రయాణానికీ అదే పది గంటలు వేసుకున్నావు, తేడా అక్కడే కొడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది. తూర్పుకి పోయే విమానాన్ని ముందుకు తోస్తుంది, పడమరకి పోయేదానికి ఎదురొస్తుంది. అందుకే వచ్చేటప్పుడు పదకొండున్నర, పన్నెండు గంటలు వేసుకో. చలికాలంలో ఈ గాలి ఇంకా జోరు.

ఆ 8,800 కూడా గ్రేట్ సర్కిల్ దూరం. అంటే గోళం మీద ఆ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గర దారి. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. గాలిని బట్టి, తుపానుని బట్టి, ఏ దేశం తన గగనతలంలోకి రానిస్తుందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. 2022లో రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడ్డాక ఫిన్లాండ్‌లోని హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా పదమూడు గంటలైంది. (దూరం మైళ్లలో కనిపిస్తే ఏ మైలో చూసుకో. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852.)

అసలు నీకు కావాల్సిన అంకె టికెట్ మీదే ఉంటుంది. అయితే అందులో వేసే టైములు ఏ ఊరివి ఆ ఊరివి. రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఒకే ప్రామాణిక సమయంలోకి మార్చి తీసివేత చెయ్యి. టోక్యో యూటీసీకి తొమ్మిది గంటలు ముందు, లాస్ ఏంజెలెస్ చలికాలంలో ఎనిమిది, ఎండాకాలంలో ఏడు గంటలు వెనక. జనవరిలో టోక్యోలో సాయంత్రం 5కి ఎక్కితే యూటీసీ 8. పది గంటలు కలిపితే 18. అంటే అక్కడ అదే రోజు ఉదయం 10! తిరిగొచ్చేటప్పుడు ఈ లాభమంతా వడ్డీతో కట్టాలి. సోమవారం మధ్యాహ్నం 12కి బయల్దేరితే టోక్యోలో దిగేది మంగళవారం సాయంత్రం 5కి. మంగళవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్తానన్నావు కదా, కుదరదు. సెలవు ఇంకో రోజు పొడిగించుకో.

టికెట్ మీది వ్యవధి గేటు నుంచి గేటుకి, రన్‌వే దాకా పోయే టైము కూడా అందులోనే ఉంటుంది. చెక్-ఇన్, ఇమిగ్రేషన్, సామాను మాత్రం నువ్వే కలుపుకోవాలి. 'డైరెక్ట్' అని ఉంటే సరిపోదు, 'నాన్‌స్టాప్' అని ఉందో లేదో చూడు. ఫ్లైటు నంబరు ఒకటే అయినా డైరెక్ట్ విమానం మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు.

లాస్ ఏంజెలెస్ నుంచి ఇంకో ఊరికి పోవాలన్నావు కాబట్టి రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద కొను. విడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ ఖర్చు నీ నెత్తినే పడే అవకాశం ఎక్కువ. పైగా ఇమిగ్రేషన్ అమెరికాలో మొదట దిగిన చోటే. మామూలుగా సామాను కూడా అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి. రెండు ఫ్లైట్ల మధ్య గంటన్నర గ్యాప్ చాలని టికెట్లు అమ్మే సైటు చెప్పినా నువ్వు మూడు గంటలు ఉంచుకో, టెన్షన్ ఉండదు.

ఫ్లైట్లు ఖాయం చేసే ముందు టైములు ఒకసారి నాకు పంపు, నేనూ చూస్తాను.

పెద్దనాన్న