బ్రెజిల్‌లోని ఒంగోలు పశువులు వేరే జీవజాతి అవుతాయా?

ప్రశ్న: మా ఒంగోలు పశువులు నూరేళ్లకు పైగా బ్రెజిల్‌లో పెరుగుతున్నాయనీ, అక్కడ వాటిని నెలోర్ అంటారనీ విన్నాను. మన మందలతో కలయిక లేకుండా ఉన్న ఆ పశువులు కొన్నాళ్లకు వేరే జీవజాతిగా మారిపోతాయా? అసలు కొత్త జాతి ఎలా పుడుతుంది?
— ఒక రైతు, టంగుటూరు, ప్రకాశం జిల్లా

జవాబు: మన ఊహకందే కాలంలో మారవు. అయితే కలయిక తెగిపోవడమే కొత్త జాతుల పుట్టుకకు మూలమన్న మీ ఆలోచన సరైనదే.

కొండో సముద్రమో అడ్డుపడి ఒక మంద రెండుగా విడిపోతే, ఒకవైపు జన్యువుల్లో వచ్చే మార్పులు రెండో వైపుకు చేరవు. ప్రతి మార్పూ తన మందలోని మిగతా జన్యువులతో పొసగితేనే నిలుస్తుంది. అవతలి మంద జన్యువులతో పొసగుతుందో లేదో తేలే సందర్భమే రాదు. అలా వేల తరాలు గడిచాక ఆ రెండు మందలూ కలిసినా, ఇటు మారిన జన్యువూ అటు మారిన జన్యువూ ఒకే పిండంలో చేరి పొసగక, పిండం నిలవకపోవచ్చు, లేదా పుట్టిన దూడకు సంతానం కలగకపోవచ్చు. దీన్నే ప్రత్యుత్పత్తి వివక్తత అంటారు. తమలో తాము కలిసి సంతానం కంటూ, ఇతర జీవులతో అలా కలవలేని సమూహమే జీవజాతి అని 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనానికి ఆధారం ఇదే.

ఈ వివక్తత ఎంత నెమ్మదిగా, ఎన్ని అంచెలుగా పెరుగుతుందో పశువుల్లోనే చూడవచ్చు. మూపురమున్న మన పశువుల పూర్వీకులూ, మూపురం లేని ఐరోపా పశువుల పూర్వీకులూ మనిషి మచ్చిక చేయడానికి ఎంతో ముందే, లక్ష ఏళ్లకు పైగా కిందటే విడిపోయాయి. అయినా ఐరోపా రకమైన జెర్సీ వీర్యంతో ఎద సూది వేయిస్తే మన ఆవు చూడి కడుతుంది. పుట్టిన పెయ్య పెరిగి ఈనుతుంది, కోడె వల్లా సంతానం కలుగుతుంది. హిమాలయాల్లో యాక్‌ను, అంటే జడల బర్రెను, ఆవుజాతితో కలిపి పుట్టించే సంకర పశువుల సంగతి వేరు: వాటిలో ఆడది ఈనుతుంది గాని మగదానికి సంతానం కలగదు. సంకరాల్లో రెండు రకాల లింగ క్రోమోజోములున్న (క్రోమోజోములంటే కణంలో జన్యువులుండే పోగులు; ఆడా మగా అన్నది తేల్చేవి లింగ క్రోమోజోములు) లింగమే ముందుగా దెబ్బతింటుందని జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1922లో గుర్తించాడు. పశువుల్లో అది మగది. ఇక ఆవుకు 60 క్రోమోజోములు, మన గేదెకు 50. ప్రయోగశాలలో ఆవు అండాన్ని దున్న వీర్యంతో ఫలదీకరించినా పిండం చాలావరకు తొలి దశల్లోనే ఆగిపోతుంది.

ఒంగోలు పశువులు బ్రెజిల్‌కు వెళ్లడం 19వ శతాబ్దంలో మొదలై 1960ల ఆరంభం వరకు సాగింది. పశువుల్లో ఒక తరానికి సుమారు 5 ఏళ్లనుకుంటే, మొదట వెళ్లినవాటికైనా గడిచినవి 30 తరాలు మాత్రమే. లక్ష ఏళ్ల ఎడబాటు కూడా జెర్సీని మన ఆవుకు పరాయిదాన్ని చేయలేదు. అక్కడి రైతులు మాంసం దిగుబడిని చూసి ఎంపిక చేయడం వల్ల పశువు ఆకారం మారి ఉండవచ్చు గాని, ఆకారం మారినంత మాత్రాన కలయికకు అడ్డు ఏర్పడదు. కుక్కల్లో ఎన్ని ఆకారాలున్నా అవన్నీ ఒకే జాతి.

నాకు ఇంతకన్నా ఆందోళన కలిగించే సంగతి ఒకటుంది. ప్రకృతి పెట్టిన అడ్డు ఏదీ లేదు కనుకనే, ప్రతి ఎదకూ జెర్సీ వీర్యమే వేయిస్తూ పోతే కొన్ని తరాల్లోనే ఆ మందలో ఒంగోలు లక్షణాలు కరిగిపోతాయి. కాబట్టి మేలైన ఆవుల్లో కొన్నింటినైనా ఒంగోలు ఆంబోతుకే దాటించమని మిమ్మల్ని కోరుతున్నాను.

ప్రశ్న: గుర్రానికీ గాడిదకూ పుట్టే కంచర గాడిదను కొత్త జాతి అనవచ్చా?
— ఒక విద్యార్థిని, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: అనకూడదు. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు కాగా కంచర గాడిదకు 63 వస్తాయి. బీజకణాలు తయారయ్యేటప్పుడు అవి సరిగా జతకూడవు కనుక, బహు అరుదుగా తప్ప దానికి సంతానం కలగదు. కంచర గాడిద కావాలంటే ప్రతిసారీ గుర్రాన్నీ గాడిదనూ కలపవలసిందే.