మాస్టర్ ప్లాన్‌లో క్వారీ జోన్ అని చూపిస్తే అనుమతి వచ్చినట్టేనా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా రామకుప్పం మండలం. మా ఊరి గుట్ట పోరంబోకును మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో క్వారీ జోన్‌గా చూపించారు. గుట్ట కిందే మా మామిడితోట, ఊరి మంచినీళ్ల బోరు ఉన్నాయి. పక్కపక్కనే ఐదేసి ఎకరాలకు ముగ్గురు గ్రానైట్ లీజు అడిగారట. చిన్న లీజులు కాబట్టి ఊరివాళ్లను అడగక్కర్లేదంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు

జవాబు: నిజం కాదు. జోన్ అనేది ఆ భూమిని దేనికి వాడవచ్చో చెబుతుందే తప్ప, రాయి తీసే హక్కును ఎవరికీ ఇవ్వదు. ఆ హక్కు 1966 నాటి రాష్ట్ర చిన్నతరహా ఖనిజాల నిబంధనల కింద గనుల శాఖ ఇచ్చే లీజుతో వస్తుంది. లీజు వచ్చాక కూడా పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేనిదే పని మొదలుపెట్టకూడదు. ఐదు హెక్టార్ల లోపు లీజులకూ పర్యావరణ అనుమతి కావాలని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలోనే స్పష్టం చేసింది.

మీ విషయంలో అసలు కీలకం విస్తీర్ణం లెక్క. ఐదు హెక్టార్లంటే సుమారు 12 ఎకరాల 35 సెంట్లు. ఒకే రకం ఖనిజమున్న చోట, ఒక లీజు హద్దు నుంచి మరో లీజు హద్దుకు 500 మీటర్ల లోపు దూరముంటే వాటిని ఒకే క్లస్టరుగా, అంటే ఒకే గుంపుగా, విస్తీర్ణం కలిపి లెక్కగట్టాలి. మీరు చెప్పిన మూడూ కలిపితే పదిహేను ఎకరాలు, అంటే ఐదు హెక్టార్లు దాటినట్టే; అప్పుడు పర్యావరణ ప్రభావ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ అవసరమవుతాయి. లీజులను ముక్కలు చేసి అడగడం వల్ల ఊరి నోరు మూతపడకూడదనే ఈ నిబంధన పెట్టారని నా అభిప్రాయం. ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి.

మీ మండలానికి కౌండిన్య అభయారణ్యం దగ్గర కనుక ఇంకొకటి కూడా చూసుకోండి: అభయారణ్యం లోపలా, దాని హద్దు నుంచి కిలోమీటరు దూరం వరకూ మైనింగ్ కూడదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్లాన్ ఇంకా ముసాయిదాలోనే ఉంది కాబట్టి, ప్రకటనలో ఇచ్చిన గడువులోగా మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. "మా ఊరికి నష్టం" అని ఊరుకోకుండా గుట్ట సర్వే నెంబరు, బోరు ఎంత దూరంలో ఉందీ, వాన నీళ్లు ఏ వంక గుండా చెరువుకు చేరతాయీ రాసి, గ్రామ పటం నకలు జత చేయండి. ఇవన్నీ దాటి పర్యావరణ అనుమతి వచ్చేస్తే, 30 రోజుల్లోగా పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువు ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.