కుక్కపిల్ల కొరకడం, ఊరికే మొరగడం కొట్టకుండా మాన్పించడం ఎలా?

మీ మూడు నెలల కుక్కపిల్ల చేతులు కొరుకుతోంది, అయినదానికీ కానిదానికీ మొరుగుతోంది అన్నారు. టెన్షన్ పడకండి, ఈ వయసులో అది కోపం కాదు, ఆట. పైగా ఆరేడు నెలలు వచ్చేదాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. చిగుళ్లు సలుపుతుంటే ఏది దొరికితే అది నములుతుంది.

పళ్లు తగలగానే ఆట ఆపేయండి. చెయ్యి విదిలించి లాక్కుంటే అదీ ఆటే అనుకుని వెంటపడుతుంది. కదలకుండా ఉండి, మెల్లగా లేచి, ఓ 20 సెకన్లు అటు తిరిగి నిలబడండి. తర్వాత నమిలే బొమ్మ అందించి మళ్లీ ఆడించండి. కొరికితే ఆట పోతుందన్న లెక్క దానికి ఎక్కడానికి వారాలు పడుతుంది. ఇంట్లో మీరు ఆపుతుంటే ఇంకొకరు వేళ్లతో కవ్విస్తే మాత్రం ఎప్పటికీ ఎక్కదు! పిచ్చెక్కినట్టు కొరుకుతుంటే చాలాసార్లు నిద్ర చాలక. ఈ వయసులో రోజుకు 18 గంటలు పడుకోవడం మామూలే.

మొరగడానికైతే కారణం వెతకాలి. బయట మనుషుల్ని చూసి మొరిగితే కిటికీకి తెర వేయండి. మీ కోసం మొరిగితే పట్టించుకోకుండా, ఆపిన క్షణంలోనే మెచ్చుకుని చిన్న తిండి ముక్క పెట్టండి. మొదట్లో మొరుగుడు ఇంకా పెరుగుతుంది. అక్కడే చాలామంది లొంగిపోతారు.

మూతి మీద కొట్టడం అసలొద్దు. భయపడిన కుక్కే నిజంగా కరుస్తుంది. ఆటలోనైనా రక్తం వస్తే గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.