ఫాస్టెస్ట్ ల్యాప్ పట్టిక చించెయ్యి

అమ్మాయీ,

ఫార్ములా వన్ కారు రేసుల మీద నీ వ్యాసం చదివాను. '2021లో ఎవరి కారు వేగం: రెడ్ బుల్‌దా, మెర్సిడెస్‌దా?' అని మొదలుపెట్టి, ఆరు పేజీలు నడిపించి, ఆఖర్న 'తీర్పు పాఠకులకే వదిలేస్తున్నాను' అని చేతులు దులుపుకున్నావు. పాఠకుడు నీ దగ్గరికొచ్చిందే తీర్పు కోసం కదమ్మా! అయినా నాకు ఒళ్లు మండింది అక్కడ కాదు. మూడో పేజీలో ఫాస్టెస్ట్ ల్యాపుల పట్టిక, అంటే ఒక్కో రేసులో అందరికంటే వేగంగా తిరిగిన ఒక్క చుట్టు టైముల పట్టిక వేసి, దాని కింద 'అంకెలు అబద్ధం చెప్పవు' అని రాశావు చూడు, అక్కడ.

ఎందుకు చెప్పవు? ఆ సీజన్‌లో మొదటి రేసు బహ్రెయిన్‌నే తీసుకో. ఫాస్టెస్ట్ ల్యాప్ మెర్సిడెస్ డ్రైవరు బొటాస్‌ది, 1:32.090. రేసులో ఆయన వచ్చింది మూడో స్థానం. పిట్‌కి, అంటే టైర్లు మార్చే చోటుకి, వెళ్లొచ్చినా స్థానం పోదని తెలిసి, చివర్లో కొత్త టైర్లు వేయించుకుని, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, ఫాస్టెస్ట్ ల్యాపుకి ఇచ్చే ఒక్క పాయింటు కోసం లాగించిన ల్యాపు అది. ఆ అదనపు పాయింటు 2019లో వచ్చి 2024తో పోయింది. అది ఉన్నన్నాళ్లూ ఆ పట్టిక చాలాసార్లు చెప్పింది ఒకటే, ఆఖర్లో ఎవరికి ఉచితంగా ఒక పిట్ స్టాప్ దొరికిందో. కారు వేగం గురించి అందులో ఏమీ లేదు. చించెయ్యి.

అదే బహ్రెయిన్‌లో అసలు కథ నీ కంట పడలేదు. రేసులో ఎవరు ఎక్కణ్నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లో రెడ్ బుల్ డ్రైవరు వెర్‌స్టాపెన్ 1:28.997, మెర్సిడెస్ డ్రైవరు హామిల్టన్ 1:29.385. తేడా 0.388. రేసు గెలిచింది మాత్రం హామిల్టన్, 0.745 సెకన్ల తేడాతో. ఒక్క ల్యాపులో వెనకబడ్డ కారు 56 ల్యాపుల్లో ఎలా గెలిచింది? హామిల్టన్ 13, 28 ల్యాపుల్లో టైర్లు మార్చాడు. వెర్‌స్టాపెన్ 17, 39 ల్యాపుల్లో. చివర్లో వెర్‌స్టాపెన్ టైర్లు 11 ల్యాపులు తాజావి. తరుముకుంటూ వచ్చి 53వ ల్యాపులో నాలుగో మలుపు దగ్గర దాటాడు. కానీ ట్రాక్ గీత బయటికెళ్లి దాటాడు గనక స్థానం తిరిగిచ్చేయాల్సి వచ్చింది. మళ్లీ దాటలేకపోయాడు. ముందున్న కారు చిందరవందర చేసిన గాలిలోకి వెళ్తే వెనక కారుకి డౌన్‌ఫోర్స్ (గాలి కారుని నేలకి అదిమే బలం) తగ్గుతుంది, టైరు జారుతుంది, జారితే వేడెక్కుతుంది. హామిల్టన్ కారు వేగమైనదని దీన్నిబట్టి రాస్తే తప్పు. వెర్‌స్టాపెన్ కారు నెమ్మది అని రాసినా తప్పే.

కాబట్టి లెక్క ఇలా కట్టు. క్వాలిఫైయింగ్‌ని సెకన్లలో కాక శాతాల్లో చూడు. 0.388ని 88.997తో భాగిస్తే 0.44 శాతం. అదే తేడా 64 సెకన్ల ల్యాపున్న ఆస్ట్రియా ట్రాక్ మీద 0.28 సెకన్లే అవుతుంది. నువ్వు పొడుగు ట్రాకుల్నీ పొట్టి ట్రాకుల్నీ సెకన్లలో కలిపేసి సగటు తీశావు. వడ్లూ బియ్యమూ ఒకే కుంచంతో కొలిచి లాభమెంతో చెప్పినట్టుంది.

ఇక రేసు వేగం. కష్టమంతా ఇక్కడే. ప్రతి ల్యాపు టైమూ రాసుకో. పిట్‌లోకి వెళ్లే ల్యాపు, బయటికొచ్చే ల్యాపు, సేఫ్టీ కారు ల్యాపులు (ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మదిగా నడిపించే ల్యాపులు) కొట్టెయ్. ముందున్న కారుకి రెండు సెకన్లలోపు ఉన్న ల్యాపులు కూడా కొట్టెయ్. మిగిలినవాటిలోంచి ఇంధనం బరువు తీసెయ్యాలి. 2021లో రేసుకి గరిష్ఠంగా 110 కిలోలు. మామూలుగా 57 ల్యాపులుండే (ఆ ఏడు ఒకటి తగ్గిన) బహ్రెయిన్ లాంటి ట్రాక్ మీద ల్యాపుకి సుమారు 1.9 కిలోలు కాలుతుంది. కిలో తగ్గితే ల్యాపు మీద 0.03 సెకన్లు కలిసొస్తుందని అనుకో. ఇది ట్రాక్‌ని బట్టి కొంచెం అటూఇటూ మారుతుంది. ఒక డ్రైవరు 30వ ల్యాపు 95.2లో, 40వ ల్యాపు 95.0లో తిప్పాడనుకుందాం. చూడ్డానికి 0.2 వేగం పెరిగింది. కానీ ఆ పది ల్యాపుల్లో 19 కిలోలు కాలి 0.57 కలిసిరావాలి. వచ్చింది 0.2. అంటే టైరు 0.37 తినేసింది, ల్యాపుకి 0.037 చొప్పున. రెండు కార్లకీ ఒకే రకం టైరు మీద, టైరు వయసు సమానంగా ఉన్నచోట ఈ అంకెను పక్కపక్కన పెట్టు. వేగం అక్కడ కనిపిస్తుంది. ఇంత చేశాక కూడా డ్రైవరు కావాలని టైరు కాపాడుకుంటున్నాడేమో రేడియో సంభాషణల్లో వెతుక్కోవాలి.

కారు వేరు, డ్రైవరు వేరు అన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. అదే బహ్రెయిన్‌లో అదే రెడ్ బుల్ కారులో పెరెజ్ క్వాలిఫైయింగ్ రెండో దశలోనే ఆగిపోయి 11వ స్థానంలో తేలాడు. ఒక్క వెర్‌స్టాపెన్ టైములతో కారుని కొలిస్తే నువ్వు కొలిచింది మనిషిని.

బ్రెజిల్ గురించి నువ్వు రాసిన పేరా బాగుంది. హామిల్టన్ స్ప్రింట్‌లో (అసలు రేసుకి ముందు రోజు జరిగే పొట్టి రేసులో) అందరికంటే వెనక నుంచి బయల్దేరి ఐదో స్థానానికి వచ్చిన తీరు, కళ్లకు కట్టింది. కానీ దాన్ని ఆధారం చేసుకుని 'సీజనంతా మెర్సిడెస్సే వేగం' అనేశావు. డీఆర్‌ఎస్ (గాలి అడ్డు తగ్గించడానికి వెనక రెక్కలో తెరుచుకునే పలక) తెరుచుకున్నప్పుడు సందు 85 మిల్లీమీటర్లు మించిందని ఆయన్ని క్వాలిఫైయింగ్ నుంచి తీసేశారని రాశావు. ఆ వారం కారులో కొత్త ఇంజిను ఉందనీ, దానికి ఐదు స్థానాల పెనాల్టీ పడి అసలు రేసు పదో స్థానం నుంచి మొదలుపెట్టాడనీ వదిలేశావు. ఇంజిను తిరిగేకొద్దీ బలం తగ్గుతుంది. కొత్తది, పైగా కొన్ని రేసులే మిగిలాయి కాబట్టి పొదుపు చేయక్కర్లేదు. ఆ వేగాన్ని సీజను మొదలైన మార్చి నెలకి అంటగట్టకూడదు.

మార్చిలో పరిస్థితి వేరు. 2021కి నిబంధనలు మార్చి, వెనక టైర్ల ముందున్న ఫ్లోరు (కారు అడుగు పలక) అంచుని ఏటవాలుగా కోయించారు. వెనక భాగం ఎత్తుగా నిలబెట్టే రెడ్ బుల్ కారు ఆ నష్టాన్ని బాగానే పూడ్చుకుంది. నేలకి సమాంతరంగా ఉండే మెర్సిడెస్ ఆ ఏటి కారు డబ్ల్యూ12కి ఎక్కువ దెబ్బ తగిలింది. నన్నడిగితే, ఆస్ట్రియా జంట రేసుల దాకా రెడ్ బుల్, బ్రెజిల్ నుంచి మెర్సిడెస్. మధ్యలో ట్రాక్‌కో జవాబు. డ్రైవర్ల టైటిల్ వెర్‌స్టాపెన్‌కి 395.5 పాయింట్లతో, జట్ల టైటిల్ మెర్సిడెస్‌కి 613.5తో వెళ్లాయంటే ఆశ్చర్యమేముంది? ఇలా తేల్చి చెప్పు. తప్పైతే ఎవరో దిద్దుతారు.

పట్టికలు పెడితే ఎడిటర్లు తీసేస్తారని భయపడ్డట్టున్నావు. తీసేస్తారు. 'పాఠకులకు లెక్కలెందుకండీ' అని, ఆ జాగాలో కారు బొమ్మ వేసి, పైన 'రయ్ రయ్' అని హెడ్డింగు పెడతారు. ప్రతి రేసునీ 'మహాసంగ్రామం' చేసేవాళ్లకి టైరు వయసు ఎందుకు? అందుకే లెక్కని పట్టికలో దాచకు. వాక్యంలోకి ఎక్కించు, అప్పుడు కత్తెర వేయడం కష్టం.

ఇప్పుడు స్పెయిన్ రేసు తీసుకో. హామిల్టన్ 42వ ల్యాపులో రెండోసారి పిట్‌కి వెళ్లి, 66 ల్యాపుల రేసులో 60వ ల్యాపున వెర్‌స్టాపెన్‌ని దాటాడు. ఆ 18 ల్యాపులూ ఇద్దరి టైములూ రాసి, ఇంధనం తీసేసి, టైరు వయసు పక్కన రాసి పంపు. పట్టిక వద్దు, రెండు పేజీల్లో వచనం చాలు.