ఎడిటర్ కావాలనుకునే అమ్మాయికి శుభలేఖలతో పనేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. సినిమా ఎడిటర్ అవుతానంటోంది. సరేనన్నాను. కానీ ఆరు నెలలుగా సాయంత్రాలు ఊళ్లోని డీటీపీ సెంటరుకు వెళ్లి శుభలేఖలు, ఫ్లెక్సీలు చేస్తోంది. డిగ్రీ అయ్యాక ముందు ఆరు నెలల కోర్సులో గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుని, ఆ తర్వాతే ఎడిటింగ్‌కు వెళ్తుందట. ఇప్పుడు పోస్టరు కావాలంటే ఫోనే నిమిషంలో చేసిపెడుతోంది కదా, ఇదంతా కాలం వృథా కాదా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి దారి తప్పలేదండీ. కాస్త చుట్టుదారి పట్టింది, అంతే. అక్కడ దొరికేవి కొన్ని తిన్నగా వెళ్లేవాళ్లకు దొరకవు.

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు నేనూ ప్రెస్సులో పేజీలు పెట్టాను. చేరిన కొత్తలో ఒక పెళ్లి శుభలేఖ నా చేతికొచ్చింది. పై వరుసలో పెళ్లికూతురి నాయనమ్మ పేరు, మహాలక్ష్మి. సరిగ్గా దాని కిందే మరో పెద్దాయన పేరు, ముందు ‘శ్రీ’. ఇంగ్లిషు కార్డుకు పెట్టినట్టే వరుసల మధ్య ఎడం పెట్టేశాను. ‘క్ష్మి’ కింద వేలాడే మకారపు వత్తు వచ్చి ‘శ్రీ’ గుడి మీద కూర్చుంది. దీర్ఘం తోక మాయమైంది. కంప్యూటర్ తెర మీద నాకది కనిపించలేదు. ఐదు వందల కార్డులు అచ్చయ్యాక పెళ్లివారికి కనిపించింది. ఆ నెల జీతంలో కాగితం ఖరీదు కోసేశారు, అది వేరే కథ. తెలుగు అక్షరం పైకి గుడులు, కిందికి వత్తులు చాపుకొని కూర్చుంటుంది, దానికి ఊపిరాడే చోటు వదలాలి అని ఆ రోజు ఒంటబట్టింది. అప్పటికి నాకు పేజీలు పెట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మీటా తెలుసు. చూడటమే తెలియలేదు.

గ్రాఫిక్ డిజైన్ నేర్పేది ఆ చూపునే. ఏది ముందు కనబడాలి, ఏది ఆగి కనబడాలి, ఏది అసలు కనబడనక్కర్లేదు, ఎక్కడ ఖాళీ వదలాలి. ఇక ఎడిటర్ రోజంతా చేసే పని చూడండి. ఒక షాట్‌లో నటుడి ముఖం తెరకు కుడి అంచున ఉంది. ప్రేక్షకుడి కన్ను అక్కడే ఉంది. వెంటనే ఎడమ మూలలో బల్ల మీదున్న ఉత్తరానికి కట్ చేస్తే, ఆ కన్ను తెరంతా వెతుక్కుంటూ వచ్చేసరికి షాట్ సగం అయిపోతుంది. కావాలని కంగారు పెట్టడానికి అలా చేస్తే బాగుంటుంది. తెలియక చేస్తే ‘ఏదో అతకలేదు’ అంటాం, ఏమిటో చెప్పలేం. కాగితం మీద కన్నును నడిపించడం అలవాటైన వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

పైగా ఈ రోజుల్లో ఎడిటర్ చేతికి వచ్చే పని సినిమా ఒక్కటే కాదు. అడ్డంగా తీసిన దృశ్యాన్ని ఫోనులో నిలువుగా చూసేలా మార్చమంటారు. 1920 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేములో నిలువు ముక్కకు మిగిలేది దాదాపు 607 పిక్సెళ్లు, అంటే మూడో వంతు కూడా కాదు. ఇద్దరు మాట్లాడుకుంటున్న షాట్‌లో ఎవరిని ఉంచాలి, ఎవరిని వదలాలి? అది ఎడిటింగ్ ఎంతో, డిజైనూ అంతే. మాట్లాడేవారి పేరు వేసే పట్టీ, సబ్‌టైటిళ్లు, టైటిల్ అక్షరాలు, చివరికి యూట్యూబ్ థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ) కూడా చిన్న బృందాల్లో ఎడిటర్ నెత్తినే పడతాయి. థంబ్‌నెయిల్‌లో కుడివైపు కింది మూలన వీడియో నిడివి అంకెలు వచ్చి కూర్చుంటాయి. కొత్తవాళ్లు ఏరికోరి అసలు మాటను అక్కడే పెడతారు. మీ అమ్మాయి పెట్టదని నా నమ్మకం. ఫ్లెక్సీ కింద కర్ర కట్టే చోట పేరు పెడితే ఏమవుతుందో ఆమె ఈపాటికి చూసే ఉంటుంది.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు చిన్నవాళ్లేమీ కాదు. సత్యజిత్ రాయ్ 1943లో కలకత్తాలోని డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో నెలకు 80 రూపాయల జీతానికి చేరారు. సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు. ఒక బెంగాలీ నవలను పిల్లల కోసం కుదించి వేస్తుంటే దానికి బొమ్మలు గీస్తూ, దీన్ని సినిమాగా తీయవచ్చు అనుకున్నారు. 1955లో వచ్చిన ఆయన మొదటి సినిమా ‘పథేర్ పాంచాలి’ అదే. మామూలు స్క్రిప్టుకు బదులు ఆయన దగ్గరున్నది బొమ్మలూ రాతలూ నిండిన కాగితాలు. తర్వాత కూడా తన సినిమాల పోస్టర్లు, టైటిళ్లు ఆయనే చూసుకునేవారు. అక్షరాలనైతే వదలనేలేదు, ‘రే రోమన్’ అనే ఇంగ్లిషు అక్షర శ్రేణి ఆయన గీసిందే.

మన బాపు సంగతి నేను చెప్పాలా? 1955లో న్యాయశాస్త్రంలో పట్టా, ఆంధ్రపత్రికలో కార్టూన్లు, లెక్కలేనన్ని ముఖచిత్రాలు. ఆ తర్వాతే, 1967లో, దర్శకుడిగా మొదటి సినిమా. షాట్లను ముందే కాగితం మీద బొమ్మలుగా వేసుకునేవారు. ఆయన చేతిరాత ఫాంటుగా మారి ఇప్పటికీ శుభలేఖల మీద తిరుగుతోంది. మీ అమ్మాయి ఆ డీటీపీ సెంటరులో దాన్ని వాడే ఉంటుంది.

సినిమా ఒక్కటే అనుకోకండి. పోచంపల్లి ఇక్కత్ చీరకు ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి డిజైను గీస్తారు, ఆ లెక్క ప్రకారమే నూలును కట్టి రంగులద్దుతారు. గ్రాఫులో ఒక గడి తప్పితే మగ్గం మీద పువ్వు చెదురుతుంది. ఫొటోగ్రఫీ, బొమ్మల కథలు, వీడియో గేములు, దుకాణం అద్దాల అలంకరణ, ఎక్కడికి వెళ్లినా ఈ చూపు వెంట వస్తుంది.

ఇక ఫోను నిమిషంలో పోస్టరు చేస్తుందన్న మాట. చేస్తుంది, ఒకటి కాదు, పది చేస్తుంది. ఆ పదిలో ఏది పనికొస్తుందో, తొమ్మిది ఎందుకు పనికిరావో చెప్పే మనిషి కావాలి. తెలుగులో అయితే వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడ్డ పోస్టర్లు నాకు వాట్సాప్‌లో వస్తూనే ఉన్నాయి. అవి రేపు బాగుపడవచ్చు, కాదనను. అందుకే కేవలం కార్డులు చేసి బతకాలని మీ అమ్మాయి అనుకుని ఉంటే నేనే వద్దనేవాణ్ణి. కార్డుకు ఇంత అని వచ్చే డబ్బు ఎప్పుడూ తక్కువే, ఇప్పుడు ఇంకా తగ్గుతోంది. ఆమె దాన్ని ఎడిటింగ్‌కు పునాదిగా వాడుకుంటానంటోంది, లెక్క సరిగ్గానే ఉంది.

ఆ ఆరు నెలల కోర్సు విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి. ‘ఎనిమిది సాఫ్ట్‌వేర్లు నేర్పిస్తాం’ అని బోర్డు పెట్టినచోట డబ్బు కట్టకండి. మీటలు నేర్చుకోవడానికి ఇంట్లో కంప్యూటర్ చాలు. బొమ్మలకు ఇంక్‌స్కేప్, జింప్ ఉచితం. ఎడిటింగ్‌కు డావిన్చి రిజాల్వ్ ఉచిత రూపం ఉంది. మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి. కోర్సులో చూడాల్సింది ఒక్కటే: విద్యార్థి పనిని ఎవరైనా కూర్చుని దిద్దుతున్నారా? ‘మీ విద్యార్థి చేసిన మొదటి ప్రతి, దిద్దాక వచ్చిన ప్రతి పక్కపక్కన చూపించండి’ అని అడగండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

ఈలోగా ఆమెకు ఒక పని చెప్పండి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కదులుతుండగా ఎన్ని ఫ్లెక్సీలు చదవగలిగిందో రాసుకోమనండి. పద్దెనిమిది ఫొటోల మధ్య విషయం కనిపించనిది ఒకటి ఎంచుకుని, ఇంటికొచ్చి మూడు ఫొటోలతో మళ్లీ చేయాలి. ఆ మూడు ఎవరివో తేల్చుకోవడంలోనే సగం చదువు ఉంది. (నిజం ఫ్లెక్సీలో అలా చేస్తే ఊళ్లో గొడవవుతుందని నాకూ తెలుసు.)

డిగ్రీ మాత్రం మధ్యలో వదలనివ్వకండి. పుణెలోని ఎఫ్‌టీఐఐ అనే సినిమా శిక్షణ సంస్థలో, కోల్‌కతాలోని సత్యజిత్ రాయ్ సినిమా సంస్థలో ఎడిటింగ్ చదవాలంటే ఏదో ఒక డిగ్రీ ఉండాలి, బీకాం పనికొస్తుంది. మనసు డిజైన్ వైపే తిరిగితే డిజైన్‌లో పీజీ చేయడానికి ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ ప్రవేశ పరీక్ష ఉంది, మూడేళ్ల డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయవచ్చు. ఇంటర్ చదివే పిల్లలున్న మిగతా తల్లిదండ్రులకు ఒక మాట: జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో నాలుగేళ్ల బీడిజైన్‌కు ఏ గ్రూపువారైనా అర్హులే, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో అప్లైడ్ ఆర్ట్‌లో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. ఎంట్రన్సు తేదీలు ఏటా మారుతుంటాయి, ఆయా సంస్థల ప్రకటనలే చూసుకోండి.

ఒకసారి అమ్మాయిని వెంటబెట్టుకుని రండి. తను కట్ చేసిన చిన్న వీడియో ఒకటి, చేసిన శుభలేఖల్లో అచ్చయినది ఒకటి తెమ్మనండి. ఫోనులో ఫొటో వద్దు, కాగితమే కావాలి. ‘శ్రీ’ ఎలా వచ్చిందో చూస్తాను.