బీరు, తిండి కోసం తిరుగుతూ ఫ్రెంచ్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: వేసవిలో బెల్జియం వెళ్తున్నాను. ముఖ్యంగా అక్కడి బీర్లు, తిండి రుచి చూడాలని. ఆ వంకతో ఫ్రెంచ్ కూడా కాస్త వంటబడుతుందా? క్లాసులకి వెళ్లే తీరిక లేదు.

వంటబడుతుందండీ, బాగానే. ఉద్యోగం పని మీద బ్రస్సెల్స్‌లో ఉన్న రోజుల్లో శనివారం వచ్చిందంటే చాలు, రైలెక్కి ఏదో ఒక చిన్న ఊరికి పోయేవాణ్ణి. నాకొచ్చిన ఫ్రెంచ్‌లో సగానికి పైగా కేఫేల్లో, ఫ్రైలు అమ్మే బడ్డీల ముందు వచ్చిందే. అయితే ఏ ఊళ్లకి వెళ్తారు, ముందుగా ఏ మాటలు నేర్చుకుంటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఊళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. బెల్జియం ఉత్తర భాగం ఫ్లాండర్స్, అక్కడ మాట్లాడేది డచ్. బ్రూజ్, గెంట్, ఆంట్‌వెర్ప్ అన్నీ అక్కడివే. అక్కడ ఫ్రెంచ్‌తో మొదలుపెడితే కొందరికి నచ్చదు, ఇంగ్లీషే మేలు. బ్రస్సెల్స్‌కి అధికారికంగా రెండు భాషలు. వీధుల్లో ఎక్కువగా వినిపించేది ఫ్రెంచే అయినా, ఊరి నడిబొడ్డున టూరిస్టులంతా చేరే గ్రాండ్ ప్లాస్ కూడలి చుట్టుపక్కల మీరు రెండో మాట వెతుక్కునేలోపు వెయిటర్ ఇంగ్లీషులోకి మారిపోతాడు. అంత రద్దీలో మన పాఠం వినే ఓపిక అతనికి ఎక్కడిది? అందుకే దక్షిణాన వాలోనియాకి వెళ్లండి: లియేజ్, నామ్యూర్, దినాఁ, షిమే, ఒర్వాల్. అది కూడా భోజనాల హడావుడిలో కాదు, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు. ఆ వేళకి కేఫేలో నలుగురు పెద్దాళ్లు పేపరు చదువుకుంటూ ఉంటారు, వెయిటర్ గ్లాసులు తుడుచుకుంటూ ఉంటాడు. మాట్లాడ్డానికి అదే మంచి సమయం.

ఇక మాటలు. టూరిస్టు పుస్తకాలన్నీ మనం ఏమనాలో నేర్పుతాయి. "ఊన్ బియేర్, సిల్ వూ ప్లే" అనడం ఎవరికైనా అరగంటలో వచ్చేస్తుంది. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. అవతలి మనిషి తిరిగి ఏదో అడుగుతాడు, అది మన చెవికి ఒక్క ముక్క ఎక్కదు. కాబట్టి వెయిటర్ ఏమంటాడో ముందు నేర్చుకోండి. రైల్వే స్టేషన్లో, ఆస్పత్రిలో ఎవరేం అడుగుతారో చెప్పలేం. కేఫేలో అడిగేవి మాత్రం పట్టుమని పది ఉండవు, అవీ దాదాపు ఒకే వరసలో వస్తాయి.

లోపలికి అడుగు పెట్టగానే మీరే "బోఁజూర్" అనాలి (అరసున్న దగ్గర ముక్కుతో పలకండి). అది అనకుండా నేరుగా ఆర్డర్ చెప్పేస్తే మొహం ముడుచుకుంటారు. అప్పుడు "సే పూర్ బ్వార్ ఊ పూర్ మాఁజే?" అంటారు, తాగడానికా తినడానికా అని. తినడానికంటే వేరే బల్ల, మెనూ కార్డు. కాసేపయ్యాక "వూజావే ష్వాజీ?", ఏం కావాలో చూసుకున్నారా అని. తర్వాత "ఎ కోమ్ బ్వాసోఁ?", తాగడానికేంటని. ప్లేట్లు తీసేటప్పుడు "సా ఎతే?", బాగుందా అని. చివర్లో బిల్లు దగ్గర "ఆఁసాఁబ్ల్ ఊ సెపారెమాఁ?", కలిపా, విడివిడిగానా అని. ఈ ఐదూ చెవికి అలవాటైతే సగం యుద్ధం గెలిచినట్టే.

ఇందులో తెలుగువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. 'వూ' విడిగా, 'ఆవే' విడిగా నేర్చుకున్న వాడికి 'వూజావే' అర్థం కాదు. మధ్యలో ఆ 'జ' ఎక్కణ్ణుంచి ఊడిపడిందని తికమకపడతాడు. మనం 'ఎక్కడ', 'ఉన్నావు' కలిపి 'ఎక్కడున్నావు' అనేవాళ్లం, చిన్నప్పుడు సంధులు బట్టీ కొట్టినవాళ్లం. ఫ్రెంచ్‌లో మాటలు ఒకదానికొకటి అతుక్కుని వస్తాయని ముందే తెలిస్తే, వినగానే విడగొట్టడం మనకి అంత కష్టం కాదు. అలాగే తెలియనివాళ్లని 'వూ' అనాలని, 'త్యూ' అంటే చనువని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మీరు, నువ్వు తేడా పుట్టుకతో వచ్చిందే కదా.

తొలి అభ్యాసానికి కేఫే కంటే ఫ్రైల బడ్డీ మంచిది. దాన్ని 'ఫ్రిత్‌రీ' అంటారు. నామ్యూర్‌లో నేను తరచుగా వెళ్లే బడ్డీలో ఒకావిడ ఉండేది, తల కూడా ఎత్తకుండా అడిగేది. పెద్దదా చిన్నదా? "కెల్ సోస్?", ఏ సాస్? సాస్ పైన పొయ్యనా, పక్కన పెట్టనా? ఇక్కడ తినేస్తారా, తీసుకెళ్తారా? ఆఖర్న పొట్లం చేతికిస్తూ "సిల్ వూ ప్లే" అనేది. అదేంటి, బతిమాలేది మనం కదా అనుకోకండి. బెల్జియంలో ఏదైనా చేతికిస్తూ అలాగే అంటారు, 'ఇదిగోండి' అన్నట్టు. మీ వెనక లైనుంటుంది కాబట్టి వెంటనే జవాబు చెప్పాలి. ఆ తొందరే మంచి ట్రైనింగ్.

ఆ బడ్డీ దగ్గరే మనవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బెల్జియంలో ఫ్రైలని సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో వేయిస్తారు, రెండుసార్లు. ఆ రుచికి కారణం అదే. శాకాహారులు, బీఫ్ తిననివాళ్లు "దాఁ కెల్ గ్రెస్?", ఏ కొవ్వులో అని అడగండి. 'బఫ్' అని వినిపిస్తే అది బీఫే, 'వెజెతాల్' అంటే నూనె. మెనూలో కూడా ఇలాంటి మెలికలు చాలా ఉన్నాయి. 'అమెరికాఁ' అని రాసి ఉంటే బర్గర్ అనుకునేరు, పచ్చి బీఫ్ కైమా అది. 'కార్బొనాద్' బీరులో ఉడికించిన బీఫ్. లియేజ్ బూలే అంటే పంది, గొడ్డు మాంసం కలిపి చేసిన పెద్ద ఉండలు. దాని మీద పోసే 'లాపాఁ' సాస్ పేరుకి కుందేలు, అందులో కుందేలు ఉండదు. ఆపిల్, పియర్ పళ్లు మరిగించి తీసిన పాకంతో చేసిన తియ్యటి పులుసు అది. 'షికోఁ గ్రాతాఁ' కూరగాయ వంటకంలా కనిపిస్తుంది కానీ లోపల పంది హామ్ చుట్టి ఉంటుంది. చికెన్ మాత్రమే తినేవాళ్లకి 'వోలోవాఁ' బాగుంటుంది, కానీ అందులోనూ చిన్న మాంసం ఉండలు వేస్తుంటారు. "ఇల్యా ద్యు బఫ్ దదాఁ?", ఇందులో బీఫ్ ఉందా? ఈ ఒక్క వాక్యం నాకు పనికొచ్చినంతగా మరే వాక్యం పనికిరాలేదు.

బీరు విషయానికొస్తే, నా ఓటు ఒర్వాల్‌కి. ఫ్రాన్స్ సరిహద్దు పక్కన అడవుల్లో ఉన్న మఠం. ఫ్రెంచ్ విప్లవ కాలంలో నేలమట్టమైతే 1926 నుంచి మళ్లీ కట్టడం మొదలుపెట్టారు, బ్రూవరీ 1931లో వచ్చింది. రైల్లో ఫ్లోరెన్‌విల్ దాకా వెళ్లొచ్చు, అక్కణ్ణుంచి బస్సులు తక్కువ, టైము చూసుకోండి. 6.2 శాతం ఆల్కహాలున్న ఈ బీరు సీసాలో కూడా మారుతూనే ఉంటుంది, ఎందుకంటే సీసాలో నింపేటప్పుడు ప్రత్యేకమైన ఈస్టు కలుపుతారు. తాజాది కాస్త చేదుగా, పూల వాసనతో ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ చేదు తగ్గి, తీపి బొత్తిగా లేని రుచి వస్తుంది. కేఫేలో ఒర్వాల్ అడిగితే "ఫ్రే ఊ తాఁపెరే?" అంటారు, చల్లగానా, చల్లదనం తగ్గించా అని. నేను రెండోదే అడుగుతాను. సీసా అడుగున పేరుకున్న ఈస్టుని గ్లాసులో పొయ్యకుండా కొంచెం వదిలేస్తారు. కావాలంటే అదీ అడిగి పోయించుకోవచ్చు, రుచి మారిపోతుంది. దీనికి తోడు ఛీజ్ ముక్కలు, ఆవాల ముద్ద, సెలరీ ఉప్పు తెస్తారు. ఆ ఒక్క బల్ల మీదే అరగంట సంభాషణకి సరిపడా సరుకుంది. పక్క బల్లవాళ్లని "జన్ ఊ వ్యే?", లేతదా ముదురుదా అని అడిగి చూడండి, ఒక్కొక్కరికి ఒక్కో అభిప్రాయం ఉంటుంది, ఇక ఆపరు.

బ్రస్సెల్స్‌లో ఉండక తప్పదంటే ఆండెర్లెక్ట్‌లోని కాఁతియోఁకి వెళ్లండి, 1900లో మొదలైన బ్రూవరీ. అక్కడ ఈస్టు విడిగా కలపరు. ధాన్యం ఉడికించి తీసిన రసాన్ని చలికాలం రాత్రుల్లో వెడల్పాటి తొట్టిలో ఆరబెడితే గాలిలో ఉన్నదే పులియబెడుతుంది. ఒకటి, రెండు, మూడేళ్ల పాత బీర్లు కలిపి 'గ్యోజ్' చేస్తారు. కాస్త పులిసిన కల్లు అలవాటున్న నాలుకకి ఇది కొత్తగా అనిపించదు. మిగతావాళ్లు మొదటి గుక్కకి మొహం చిట్లిస్తారు.

ఒక హెచ్చరిక. మన 650 మిల్లీలీటర్ల సీసా లెక్కలో తాగకండి. రోష్‌ఫోర్ 10 అనే మఠం బీరు 11.3 శాతం, సీసా 330 మిల్లీలీటర్లే. మొదటి గ్లాసుతో బెరుకు పోయి ఫ్రెంచ్ ధారాళంగా వస్తుంది, మూడో గ్లాసుకి తెలుగే మిగులుతుంది.

అంకెల గురించి భయం వద్దు. ఫ్రాన్స్‌లో డెబ్బైకి 'అరవై పది' అనే లెక్కలు చెయ్యాలి. బెల్జియంలో హాయిగా 70కి 'సెప్తాఁత్', 90కి 'నొనాఁత్' అంటారు.

ఇలా నేర్చుకున్న ఫ్రెంచ్ బల్ల దాటితే పెద్దగా పనికిరాదు, ఇంటద్దె కాగితం చదవడానికో, డాక్టరుతో మాట్లాడటానికో వ్యాకరణం కావాల్సిందే. నాకు భూతకాలం అస్సలు రాలేదు, ఎందుకంటే వెయిటర్‌తో నిన్నటి సంగతి చెప్పే పని పడదు. తిరిగొచ్చాక ఆసక్తి మిగిలితే హైదరాబాద్‌లో అలియాఁస్ ఫ్రాఁసేజ్ ఉంది, అప్పుడు చేరండి. వినడం అప్పటికే అలవాటై ఉంటుంది కాబట్టి మొదటి లెవెల్ సులువుగా నడుస్తుంది.

టికెట్లు తీసుకునేటప్పుడు సోమవారాలు చూసుకోండి, చిన్న ఊళ్లలో చాలా రెస్టారెంట్లకి ఆ రోజు సెలవు. మధ్యాహ్నం భోజనం కూడా రెండు లోపు చెప్పెయ్యాలి, ఆ తర్వాత చాలాచోట్ల వంటగది మూసేస్తారు.